బైరాగి ఒంటికి తగలని కర్ర

ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో నక్క ఉంది. నక్క ఉందనగానే చివర్లో దాని తోక ఎప్పుడు తెగుతుందా అని చూస్తారు. తెగదు. దానికేమీ కాదు. నాకు దాని మీద పెద్ద కోపం కూడా లేదు, దాని పని అది చేసుకుంది. నా బాధంతా ఒక ముసలి కోతి గురించి.

ఉద్దానంలో ఇసక నేల మీద ఒక పాత జీడితోట ఉంది. చెట్లు నడుములు వంగిపోయి, కొమ్మలు నేల మీద పరుచుకుని ఉంటాయి. తోట చివర గట్టు పక్కన ఒక సిమెంటు తూము పడి ఉంటుంది. కాలువ పని కోసం ఎవరో తెచ్చారు, పని ఆగిపోయింది, తూము ఉండిపోయింది. అందులో బైరాగి ఉండేవాడు. బైరాగి కొండచిలువ. ఎద్దు తవిటయ్య పక్కన వాణ్ణి పొడుగ్గా పరిస్తే, ముట్టె నుంచి తోక దాకా సరిపోయి ఇంకా మూరెడు మిగులుతాడు.

ఇంత ప్రాణిని పెంచింది దాలమ్మ. ఆమె కుంటి కోతి. కాలు విరిగిన ఏడు ఆమె మంద ఆమెను వదిలేసి కొబ్బరితోటల వైపు వెళ్ళిపోయింది. అదే ఏడు వరదలో మూరెడు పొడుగు, బొటనవేలంత లావు ఉన్న పాముపిల్ల ఒకటి తోటలోకి కొట్టుకొచ్చింది. ఒకరికి కాలు లేదు, ఇంకొకరికి దిక్కు లేదు. ఇద్దరూ ఒకరికొకరు అయ్యారు.

తిండికి లోటు లేదు. రోడ్డు పక్క జీడిపిక్కల కొట్టు ఉంది. అక్కడి కాపలావాడు రోజూ పొద్దున్నే బోనులో పడి చచ్చిన ఎలకల్నీ పందికొక్కుల్నీ గోడ మీంచి ఇవతలికి విసిరేస్తాడు. దాలమ్మ ఒకటి ఏరుకుని, తోక పట్టుకుని, తూము మూతి దగ్గర కూచుని చేత్తో అందించేది. పాముపిల్ల లటుక్కున పట్టుకునేది. చుట్టూ చేరిన కుందేళ్ళూ కౌజుపిట్టలూ ముచ్చటపడి నవ్వేవి.

వాడు మొదట నేర్చుకున్న మాట, "అమ్మా, ఏటి తెచ్చినావు?"

ఆ మాట విని దాలమ్మ రోజంతా తోటలో చెప్పుకు తిరిగింది. పిల్లాడు అమ్మా అన్నాడని ఆమె సంతోషం. ఆ తర్వాతి రెండు మాటలు ఆమె పట్టించుకోలేదు.

ఏడేళ్ళు గడిచాయి. వాడు తూము నిండా అయ్యాడు. ఇప్పుడు ఆ ముచ్చట ఎవరికీ లేదు. తూము మూతికి ఎదురుగా ఏది కదిలినా వాడి తల బాణంలా బయటికొచ్చేది. ఒకరోజు రాలిన జీడికొమ్మను పట్టుకుని నలిపేశాడు. ఇంకోరోజు కుందేలు సీతాలు పిల్ల అటు గెంతుకుంటూ పోతే చెవి మీద గాలి కొట్టేంత దగ్గరగా దూకాడు. మరో వారానికి దాలమ్మ బొటనవేలే వాడి పళ్ళకు దొరికింది.

తోటకు పెద్ద, కొండయ్య అనే ఎలుగుబంటి. సీతాలు ఏడుస్తూ వెళ్ళి అతని ముందు కూలబడింది.

"పెద్దయ్యా, పిల్లలతో ఆ గట్టు పక్కన ఎలా బతకమంటావు? ఆడికి కోపమొచ్చీసింది. పొగరెక్కీసింది. ఆణ్ణి ఎక్కడికైనా పంపీసీ."

కొండయ్య దాలమ్మను పిలిపించాడు. "ఏటమ్మా, నీ వేలికి ఆ కట్టేటి?" అన్నాడు.

"ముల్లు గుచ్చుకున్నాది," అంది దాలమ్మ.

"పళ్ళున్న ముల్లా?"

కౌజుపిట్టలు కిచకిచమని నవ్వాయి. దాలమ్మ తల దించుకుంది. ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి: నలుగురిలో నవ్వులపాలు కావడమంటే ఈమెకు చావుతో సమానం. మంద వదిలేసి వెళ్ళిన రోజు నుంచీ అంతే.

"ఆణ్ణి కొండకు పంపీసీడమే," అన్నాడు కొండయ్య. "రోడ్డు దాటిస్తే ఆడి బతుకు ఆడు బతుకుతాడు."

"ఎలా బతుకుతాడు పెద్దయ్యా? సచ్చిన ఎలక తప్ప మరేటీ ఎరగడు. ఏటాడ్డం రాదు. కొండకెల్తే ఆకలికి సచ్చిపోతాడు," అంది దాలమ్మ. ఆ మాట నిజం. వాడి ప్రాణం ఆమె చేతిలోనే ఉంది.

అప్పుడు దూరంగా నెమరేస్తున్న తవిటయ్య నోరు విప్పాడు. తవిటయ్య పడుచుతనంలో పాములాడించేవాళ్ళ బండి లాగినవాడు. ఊరూరా తిరిగి, వాళ్ళు బుట్టలు తెరవడం, మూయడం ఎన్నో ఏళ్ళు చూసినవాడు. తొందరగా మాట్లాడడు, మాట్లాడితే ఆపడు.

"ఆడికి కోపమని ఎవరన్నారు? అది కోపం కాదు, ఆకలి. దాలమ్మా, ఈ ఏడేళ్ళలో నీ సెయ్యి ఆ తూముకాడికి వట్టిగా ఎప్పుడైనా వచ్చిందేటి?"

దాలమ్మ ఆలోచించింది. ఒక్కసారి కూడా రాలేదు.

"మరి ఆడికేటి తెలుస్తాది? మూతికాడ నీడపడితే తిండి. నీడపడితే నోరు తెరవాల. అది నేర్పింది నువ్వే. నీ వేలు కొరికినోడు నీ మీద కోపంతో కొరకనేదు. వేలికి పందికొక్కు వాసనుంటాది. ఆడికి రెండూ ఒకటే."

"ఇప్పుడేటి సెయ్యమంటావన్నా?"

"ఒక కర్ర పట్టు. పొడుగుది, నున్ననిది. నువ్వు ఆడి ఒల్లు ముట్టుకోవాలంటే ముందు కర్రతో నడుం మీద తగిలించు. కొట్టడం కాదు, తగిలించడం. కర్ర తగిలిందంటే తిండి కాదు, అమ్మ వచ్చిందని ఆడు నేర్చుకోవాల. తిండి మాత్రం తూముకాడ పెట్టకు. అదిగో ఆ రాతి పలక మీద పెట్టు, సీలిన వెదురుతో దూరం నుంచి. తిన్నాక నాలుగు రోజులు ముట్టుకోకు. ఎలక పట్టిన సేతులు ఇసకతో రుద్ది కడిగి మరీ ఎల్లు."

"అది చాలా?"

"సాలు. కాని ఒక్కరోజు కూడా తప్పకూడదు. నువ్వు ఒక్కసారి తప్పితే ఆడు నేర్చిన సదువంతా పోతాది."

కొండయ్య నాలుగు నెలలు గడువిచ్చాడు. జీడిపళ్ళు రాలడం మొదలైన రోజు తోటంతా తూము దగ్గర చేరుతుంది. ఆ రోజు దాలమ్మ అందరి ముందూ బైరాగిని బయటికి తీసి భుజాన వేసుకోవాలి. వేసుకుంటే వాడు ఉంటాడు. లేకపోతే కొండకు పోతాడు.

దాలమ్మ ఎంత కష్టపడిందో చెప్పకపోతే అన్యాయం. నేరేడు కర్ర ఒకటి విరిచి, తొక్క తీసి, ఇసకతో నునుపు చేసింది. మొదటి రోజు కర్ర తగలగానే బైరాగి బుస్సుమని గాలిలోకి దూకాడు. రెండో రోజూ అంతే. పదో రోజు దూకలేదు, తల మాత్రం ఎత్తాడు. ఓ రోజు వాడి కళ్ళు పాలు పోసినట్టు తెల్లబడ్డాయి. దాలమ్మ భయపడి తవిటయ్య దగ్గరికి పరుగెత్తింది.

"ఏటీ కాదు. కుబుసం ఇడిసే ముందు అలాగే ఉంటాది," అన్నాడు తవిటయ్య. "ఇప్పుడు ఆడికి సూపు సరిగ్గా ఆనదు. మనకి బయపడుతున్నాడు. కుబుసం ఇడిసేదాకా నీ నీడ కూడా పడనీకు."

ఆమె పది రోజులు గట్టు వైపే వెళ్ళలేదు. కుబుసం విడిచాక వెళ్ళి కర్ర తగిలించింది. ఈసారి తూములోంచి నెమ్మదిగా మాట వచ్చింది.

"ఓ, నువ్వా అమ్మా."

ఏటి తెచ్చినావని అడగలేదు. ఏడేళ్ళలో మొదటిసారి తిండి సంగతి లేకుండా వాడు ఆమెను పలకరించాడు. దాలమ్మ చెట్టెక్కి కూచుని, ఎవరూ చూడకుండా ఏడ్చింది. నెలాఖరుకి వాడు ఆమె ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నాడు. మూడో నెలకి భుజం మీదికెక్కాడు. ఆ బరువుకి ఆమె కుంటికాలు వణికినా దించలేదు.

ఇప్పుడు నక్క. పేరు గంగులు. కుందేళ్ళ బొరియలన్నీ తూము వెనక గట్టులో ఉన్నాయి. ఒక పక్క ముళ్ళకంప, ఇంకో పక్క నీటి మడుగు. బొరియల దగ్గరికి పోవాలంటే తూము మూతి ముందు నుంచే పోవాలి. బైరాగి ఒళ్ళు చేశాక గంగులు ఆ దారిన కాలు పెట్టలేదు. ఈ సంగతి కుందేళ్ళకు తట్టలేదు. గంగులికి మాత్రం కొన్నేళ్ళుగా వేరే ఆలోచన లేదు.

జీడిపళ్ళు రాలడం మొదలైంది. తోటంతా పుల్లటి తియ్యటి వాసన. ఆ పొద్దున్న దాలమ్మ మడుగు దగ్గర కూచుని కర్ర తుడుచుకుంటుంటే గంగులు నవ్వుకుంటూ వచ్చాడు. నోట్లో ఒక పందికొక్కు, బాగా బలిసింది.

"అప్పా, నీకు శుభమవాల. ఇదిగో, అల్లుడికి," అన్నాడు, అక్క వరస కలిపి, దాన్ని ఆమె చేతుల్లో పెడుతూ.

"ఇయ్యాల పెట్టను గంగులూ. తిన్న కడుపుతో ఎత్తుకుంటే ఆడు కక్కీస్తాడు. వారం నుంచీ ఏటీ పెట్టనేదు."

"పోనీ రేపు పెట్టు. నీ దగ్గరే ఉంచు."

దాలమ్మ దాన్ని కొమ్మ సందులో దాచింది. గంగులు కదలకుండా కర్రనే చూస్తూ నిలబడ్డాడు.

"అప్పా, ఒక్క మాటడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఈ కర్రెందుకు?"

"తగిలిస్తే నానని తెలుస్తాది."

"తగిలించకపోతే?"

దాలమ్మ కర్రను ఇంకా గట్టిగా తుడిచింది.

"అంటే నీ నడక తెల్దు, నీ గొంతు తెల్దు. ఏడేళ్ళు ఎత్తుకు పెంచినావు, ఆడికి కర్ర తెలుసుగాని నువ్వు తెల్దన్నమాట." గంగులు జాలిగా తల ఊపాడు. "నాకేటి గాని, ఇందాక కౌజుపిట్టలు అనుకుంటన్నాయి. దాలమ్మ పెంచింది కొడుకుని కాదు, ఆడికి తల్లి ఆ నేరేడు కర్రే అని. నవ్వుతున్నాయి. నాను కసిరీసినాననుకో."

అంతే. ఇంకేమీ చెయ్యలేదు గంగులు. తోక ఊపుకుంటూ వెళ్ళిపోయాడు. దాలమ్మ అక్కడే కూచుంది. కౌజుపిట్టలు అలా అన్నాయో లేదో కనుక్కోవాలని ఆమెకు తోచలేదు. కనుక్కుంటే అననే లేదని తెలిసేది.

ఇంతలో గట్టు దగ్గర నుంచి పిలుపులు. "దాలమ్మా! అందరూ వచ్చీసినారు!" ఆమె ఉలిక్కిపడి లేచింది. కర్ర తీసుకుంది. నీళ్ళు పక్కనే ఉన్నాయి, ఇసక కాళ్ళ కిందే ఉంది. చేతులు రుద్దుకోలేదు.

బైరాగి అంటే భయం కాబట్టి జంతువులన్నీ తూముకి దూరంగా, కొమ్మల చాటున నిలబడ్డాయి. ముందు కొండయ్య, అతని పక్కన తవిటయ్య, వెనక పిల్లల్ని కడుపు కింద దాచుకుని సీతాలు. దాలమ్మ కుంటుకుంటూ తూము దగ్గరికి నడిచింది. ఆమె వీపు వాళ్ళకి. చేతులు ఏం చేస్తున్నాయో వాళ్ళకు కనబడదు.

మూతి ముందు ఆగింది. కర్ర ఎత్తింది.

అప్పుడు గంగులు మాట మళ్ళీ చెవిలో పడింది. ఆడికి తల్లి కర్రే. దాలమ్మకు ఒళ్ళు మండింది. కాదని తనకు తాను చూపించుకోవాలనిపించింది. ఎవరికీ తెలియదు, ఒక్కసారి, ఈ ఒక్కసారి. కర్రను పక్కకు పెట్టుకుని, వట్టి చెయ్యి తూములోకి చాచి, "బైరాగీ, రారా అయ్యా," అంది.

వారం రోజుల ఆకలి. మూతి దగ్గర నీడ. పందికొక్కు వాసన. వాడు ఏం చేస్తాడు?

దూకాడు. ఎడమ చెయ్యి మణికట్టు దాకా నోట్లోకి పోయింది, రెండు చుట్లు మోచేతికి బిగుసుకున్నాయి. దాలమ్మ కేక తోటంతా వినబడింది. కొండయ్య పరుగెత్తుకొచ్చి తల పట్టి లాగబోయాడు.

"లాగకు! పళ్ళు ఎనక్కి వొంగుంటాయి, సెయ్యి సీరుకుపోతాది!" అని అరిచాడు తవిటయ్య. "తోక కాడినుంచి ఇప్పు! ఎవరైనా మడుగులోంచి నీళ్ళు తెండి, తల మీద పొయ్యండి!"

కొండయ్య తోక నుంచి ఒక్కో చుట్టూ విప్పాడు. కౌజుపిట్టలు రెక్కలు తడుపుకొచ్చి తల మీద విదిలించాయి. బైరాగి నోరు వదిలాడు. వదిలి, తన నోట్లోంచి వచ్చిన చేతిని చూశాడు.

"అమ్మా? నువ్వా?"

దాలమ్మ చేతిలోంచి నెత్తురు ఇసకలోకి కారుతోంది. కొండయ్య బైరాగిని కాలితో అదిమి, ఆమెను పట్టుకుని నిలబెట్టాడు. "కర్ర తగిలించినావా, లేదా?" అని సూటిగా అడిగాడు.

ఇదే ఆ క్షణం. ఈ కథలో నాకు చేతనైతే చెయ్యి పెట్టి ఆపేది ఇక్కడే. తగిలించలేదు పెద్దయ్యా, తప్పు నాదే, అంటే సరిపోయేది. కొండయ్య నాలుగు చివాట్లు పెట్టేవాడు, ఇంకో నెల గడువిచ్చేవాడు. కానీ చుట్టూ అన్ని కళ్ళు. వెనకాల కౌజుపిట్టలు. ఇంకొంచెం వెనక గంగులు, ఏమీ ఎరగనట్టు కూచుని. చెబితే ఏమంటారు? నాలుగు నెలలు నేర్చుకుని, ఆఖరి రోజున నక్క మాటకి కర్ర పక్కన పడేసిన వెర్రిదంటారు.

"తగిలించినాను," అంది దాలమ్మ.

తవిటయ్య ముందుకొచ్చాడు. "తగిలిస్తే ఆడలా సెయ్యడే! సరిగ్గా గుర్తు తెచ్చుకో."

"తగిలించినాననే కదా సెప్తన్నాను! నీ కర్రా, నీ సదువూ! నా సెయ్యి సూడు!"

తవిటయ్య వెనక్కి తగ్గాడు. ఆ రోజు నుంచి తోటలో ఎవరూ అతన్ని సలహా అడగలేదు. అడిగినా అతను చెప్పలేదు.

కొండయ్య కాలి కింద ఉన్న బైరాగి తల ఎత్తడానికి ప్రయత్నించాడు. "అమ్మా," అన్నాడు, "కర్ర తగిలిందా?"

దాలమ్మ వాడి వైపు చూడలేదు. "తగిలిందిరా."

"నాకు తెలీనేదే," అన్నాడు బైరాగి. వాడు వాదించలేదు. అమ్మ తగిలిందంటే తగిలే ఉంటుందనుకున్నాడు.

కొండయ్య వాణ్ణి భుజాన వేసుకుని, ఎండ ఎక్కకముందే రోడ్డు దాటించి, కొండ మొదట్లో వదిలి వచ్చాడు. వెనక నడిచినవాడు తవిటయ్య ఒక్కడే. తిరిగొచ్చాక దాలమ్మ చెట్టు కింద ఆగి, "పరిగెత్తే ఎలకని ఆడెప్పుడైనా సూసినాడేటి?" అని మాత్రం అడిగి వెళ్ళిపోయాడు.

వారం తిరక్కుండా గంగులు తూము ముందు నుంచి దర్జాగా నడిచాడు. మొదట సీతాలు పెద్దపిల్ల పోయింది. తర్వాత ఇద్దరు. వానలు పడేసరికి గట్టులో బొరియలు సగం ఖాళీ అయ్యాయి. సీతాలు ఖాళీ తూము ముందు కూచుని లోపలికి చూసేది. ఒకరోజు దాలమ్మతో అంది:

"అత్తా, ఆడు నా పిల్ల మీదికి ఒకసారి దూకినాడు. ఒక్కసారే. ఆడిని పంపీమని నానే అడిగినాను గదా. ఇప్పుడెవుల్నడగను?"

దాలమ్మ తన చేతివైపు చూసుకుంది. ఆమె ఎడమ చేతి రెండు వేళ్ళు ముడుచుకుపోయి మళ్ళీ తెరుచుకోలేదు. పొద్దున్నే కొట్టు గోడ దగ్గరికి పోయేది, ఎలక ఒకటి ఏరేది, ఎవరికోసమో గుర్తొచ్చి అక్కడే వదిలేసేది. వాడు నేర్చుకునే ఉంటాడు, కొండ నిండా ఎలకలే కదా, అని తనకు తాను చెప్పుకునేది.

జీడిచెట్లు మళ్ళీ పూతకు వచ్చిన రోజుల్లో ఒక కాకి వచ్చి ఆమె కొమ్మ మీద వాలింది.

"ముసలమ్మా, నీ పాము కొండ మొదట్లో రాళ్ళ సందులో ఉన్నాడు. ఇంకా అక్కడే, ఎలుగు దించిన సోటే. ఎలకలు ఈపు మీంచి ఎల్తన్నాయి, ఆడు కదలడు. ఏటి ఆడికి? సన్యాసం పుచ్చుకున్నాడా?"

దాలమ్మ వెంటనే లేచింది. చీలిన వెదురుకి ఎలకను తగిలించుకుంది. నేరేడు కర్ర చంకలో పెట్టుకుంది. కుంటికాలితో, ఒంటిచేత్తో, ఎండలో రోడ్డు దాటి వెళ్ళింది.

బైరాగి రాళ్ళ మధ్య చుట్ట చుట్టుకుని ఉన్నాడు. చర్మం మడతలు పడి వేలాడుతోంది, వెన్ను గీతలా పైకి లేచింది. తూము నిండుగా ఉండేవాడు, ఇప్పుడు ఆమె కుంటికాలంత సన్నబడ్డాడు. దాలమ్మ దగ్గరికి పోయి, మర్చిపోకుండా, ముందు కర్ర తీసి నడుం మీద మెల్లగా తగిలించింది.

"ఓ, నువ్వా అమ్మా," అన్నాడు వాడు. తల నేల మీద ఆన్చాడు.

ఆమె గబగబా ఎలకను వాడి ముట్టె ముందు పెట్టింది. వాడు దానివైపు చూడను కూడా చూడలేదు.

"తినరా! నీకోసమే!"

"కర్ర తగిలింది గదమ్మా. ఇప్పుడు తిండి కాదు."

దాలమ్మ కర్రను దూరంగా విసిరేసింది. "కర్ర లేదురా, తిను. ఎలకలు నీ మీంచే పోతన్నాయంట, ఒక్కటైనా ఎందుకు పట్టనేదు?"

వాడు తల ఎత్తబోయి మళ్ళీ దించాడు. "మొదట్లో పట్టబోయినాను. ఒంటి మీద ఏదో తగిలేది. అది ఎలకో, నీ కర్రో నాకెలా తెలుస్తాది? ఆ రోజు కర్ర తగిలిందన్నావు. నాకు తెలీనేదు. తెలీక నీ సెయ్యి కొరికీసినాను. నా ఒల్లు పాడైపోయిందనుకున్నాను. అందుకే ఏది తగిలినా నువ్వేనేమో అనుకుని ఊరుకుంటన్నాను. మల్లీ నిన్ను కొరక్కూడదు గదా."

దాలమ్మ ఇసకలో కూలబడింది. ఇంక దాచడానికి ఆమెలో ఏమీ మిగల్లేదు.

"తగిలించనేదురా," అంది. "ఆ రోజు కర్ర తగిలించనేదు. సేతులు కూడా కడుక్కోనేదు. అందరి ముందూ సిగ్గేసి అబద్దమాడినాను. నీ తప్పేటీ నేదు. నీ ఒల్లు మంచిదే."

"అలాగా," అన్నాడు బైరాగి.

తల ఆమె వైపు తిప్పి, "అయితే నాకు బాగానే తెలుస్తాదన్నమాట," అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. సంతోషమే ఉంది. అదే దాలమ్మ భరించలేకపోయింది.

ఎలకను ఆమె తన చేత్తోనే వాడి నోటికి ఆనించింది, పాత రోజుల్లోలాగా. వాడు నోరు తెరవబోయాడు. మింగే శక్తి లేదు. తల ఆమె కుంటికాలి మీదికి జరిపి అలాగే ఉండిపోయాడు. పాముకి రెప్పలుండవు కదా, కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. అందుకని వాడు ఎప్పుడు పోయాడో ఆమెకు తెలియలేదు. కథలు చెబుతూనే ఉంది, వరదలో దొరికిన నాటి నుంచీ. చీమలు వచ్చాకే ఆగింది.

పొద్దు వాలకముందే ఆమె తోటకి తిరిగొచ్చి, కొండయ్యనూ తవిటయ్యనూ సీతాలునూ పిలిచి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. కౌజుపిట్టలు కూడా నవ్వలేదు. కొండయ్య చేతుల్లో తల పెట్టుకున్నాడు. తవిటయ్య లేచి వచ్చి ఆమె పక్కన పడుకుని నెమరువేయడం మొదలుపెట్టాడు. గంగులు ఆ సభకు రాలేదు. గట్టు దగ్గర అతనికి పని ఉంది.

నీతి: మన పరువు కోసం ఆడిన అబద్ధాన్ని, మనల్ని నమ్ముకున్న ప్రాణి నిజమనుకుని మోస్తుంది.